నీలిమంట మీద గీతలు

మగ్గం తీసేస్తున్నామని మా నాయన ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆయన గొంతులో బాధేమీ లేదు. నాకు మొదటి చిరాకు అక్కడే పుట్టింది. "గుంట పూడ్చి బండలు ఏపిస్తాండాం. నీకు కావల్సినేవైనా ఉంటే వచ్చి ఏరుకోని పో. తర్వాత నా మీద అరవద్దు" అన్నాడు. అరుస్తానని ఆయనకు తెలుసు. మా ఇంట్లో కోపం నా వాటాకే ఎక్కువ వచ్చిందని అందరూ అంటారు, నేనూ కాదనను. కర్నూలులో నేను పాఠాలు చెప్పే బడికి శనివారం సెలవు పెట్టి, పదకొండేళ్ళ నా కొడుకును వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

మగ్గం గదిలో అప్పటికే సగం సామాను బయటికి వచ్చేసింది. తాత పోయి చాలా ఏళ్ళయింది, ఆయన తర్వాత నాయన కొంతకాలం నేసి మానేశాడు. మూల ఉన్న రేకుపెట్టె అడుగున తాత గళ్ళ కాగితాల పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నేను వెతుకుతున్నది వాటిల్లో అన్నిటికన్నా పాతదాన్ని. దొరికింది. వెన్నుపట్టుకుని రెండుసార్లు దులిపితే ఒక చిన్న కార్డు జారి నేల మీద బోర్లా పడింది. అది చేతికి రాగానే నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. పుస్తకాన్ని తీసి, పారేయాల్సిన కాగితాల కుప్పలో నా చేత్తోనే వేశాను.

పేక ముక్క కన్నా కొంచెం మందంగా ఉండే కార్డు అది. వింతజంతువులతో పోరాడే ఆట ఒకటి ఉంటుంది కదా, దానిది. జింక కొమ్ములున్న నీలం పక్షి, రెక్కల చివర్లలో మంట, కింద ఇంగ్లీషులో నాలుగు వరుసలు, పై మూలన నూటఇరవై అనే అంకె. ఆ పక్షి అసలు పేరు మాకెప్పుడూ నోరు తిరగలేదు. మేము దాన్ని నీలిమంట అనేవాళ్ళం. ఇప్పుడు దాని మీద అడ్డంగా నిలువుగా బాల్‌పెన్ను గీతలు, వరుస తప్పకుండా, తల నుంచి తోక దాకా. ఒక కన్ను చెరిగిపోయి తెల్లమచ్చ అయింది. నా కొడుకు దాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూసి, "మమ్మీ, ఇది ఒరిజినలే. కానీ పెన్ను గీతలున్నాయి. డ్యామేజీ కార్డును ఎవ్వరూ తీసుకోరు" అన్నాడు. వాడి దగ్గర ఇలాంటివి ఒక ఆల్బం నిండా ఉన్నాయి, ఒక్కొక్కటి ప్లాస్టిక్ కవరులో. వాడు వాటితో ఆడగా నేను ఒక్కసారీ చూడలేదు. వేరేవాళ్ళు ప్యాకెట్లు చించే వీడియోలు చూస్తాడు, ఏది అరుదైనదో చెబుతాడు, మళ్ళీ కవరులో పెట్టేస్తాడు. నాకు వాడి చెంప మీద ఒకటి ఇద్దామనిపించింది. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు గనుక ఊరుకున్నాను.

నేను ఆరో తరగతి ఆదోనిలో చదివాను. ఎమ్మిగనూరులో బళ్ళు లేక కాదు, మా మేనత్తకు పిల్లలు లేక. ఆమె భర్త పత్తి మిల్లులో పని చేసేవాడు, ఇంటికొస్తే ఆయన కనుబొమ్మల మీద కూడా దూది నూగు ఉండేది. సోమవారం పొద్దున బస్సులో ఆదోని పోవడం, శనివారం మధ్యాహ్నం ఎమ్మిగనూరు రావడం, ఇదీ నా బతుకు. రెండిళ్ళలోనూ నేను చుట్టానే. నా సంచి ఎప్పుడూ సగం సర్దే ఉండేది. క్లాసులో నా పక్కన కూర్చున్న నూర్జహాన్ ఒక్కతే నన్ను ఎప్పుడు పోతావని అడగలేదు. అందరూ నూరీ అనేవారు. వాళ్ళ నాయనకు బజారులో పరుపుల అంగడి ఉండేది. దూది ఏకి పరుపులు కుట్టేవాడు, దుప్పట్లు కూడా అమ్మేవాడు.

ఆ ఏడాది బళ్ళో కార్డుల పిచ్చి ముదిరింది. బడి ముందరి అంగట్లో దొరికేవన్నీ పలచటి నకిలీ కార్డులు, చెమట తగిలితే రంగు వేళ్ళకు అంటేది. నూరీ మేనమామ బెంగళూరు నుంచి ఒకే ఒక్క అసలు కార్డు తెచ్చిచ్చాడు. అదే నీలిమంట. ఎండలో పెడితే రెక్కల మంట నిజంగా కదిలినట్టుండేది. ఆట నియమాలేమిటో మాలో ఎవరికీ తెలియదు, ఆ ఇంగ్లీషు చదివి చెప్పేవాళ్ళు లేరు. మా నియమం మాకుండేది. ఇద్దరు ఎదురెదురుగా కార్డు వేయాలి, ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళు రెండూ తీసుకోవాలి. నీలిమంట ఎప్పుడూ ఓడలేదు. నూరీ దాన్ని లెక్కల పుస్తకం అట్ట లోపల పెట్టుకునేది, తాకాలంటే గౌనుకు చేతులు తుడుచుకోమనేది. నేను తుడుచుకునేదాన్ని. ఇంట్లో అన్నం ముందు చేతులు కడుక్కోమంటే రుసరుసలాడేదాన్ని.

మా ఎమ్మిగనూరు ఇంట్లో పొద్దు గంజి వాసనతో మొదలయ్యేది. జేజి, అంటే మా నాయన తల్లి, జొన్నపిండి గంజి కాచి తొట్టిలో పోస్తే, వీధి పొడవునా పడుగు సాగదీసి ఇద్దరు అటు, ఇద్దరు ఇటు కుంచెలు పట్టుకుని నడిచేవాళ్ళు. ఎండ ముదరకముందే ఆరిపోవాలి, ఎద్దుబండి వస్తే ఆపాలి, కుక్క దూరితే తరమాలి. ఆ గంజి మా బట్టల్లో, జడల్లో, చివరికి మేము తినే జొన్నరొట్టెలో కూడా వాసన వేసేది. పెరుగన్నం తినేటప్పుడు మినహా తాత మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నడుం దాకానే కనిపించేవాడు. నెత్తిన జకార్డు పెట్టె, దాని నుంచి రంధ్రాలు కొట్టిన అట్టలు గొలుసుగా వేలాడేవి. ఒక్కో అట్టకు ఒక్కో వరుస. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు, అలా అట్ట వెనక అట్ట తిరిగి దుప్పటి అంచులో హంసో మామిడిపిందో దిగేది. ఆ అట్టలకు మూలం గళ్ళ కాగితం. బొమ్మను ముందు గళ్ళలోకి ఎక్కించాలి. ఆ పనిలో మా తాతను మించినవాడు వీధిలో లేడని జేజి చెప్పేది. తాత వినబడనట్టు కూర్చునేవాడు, చెవులు మాత్రం ఎర్రబడేవి.

నూరీ దగ్గర నేను గొప్పకు పోయాను. నా దగ్గర మంచి కార్డు లేదు, కనుక తాతను ముందుకు తోశాను. "మా తాత ఏ బొమ్మనైనా ఇంత పెద్దగా దించుతాడు" అని చేతులు చాపి చూపించాను. నూరీ కాసేపు ఆలోచించింది. లెక్కల పుస్తకం అట్ట విప్పి నీలిమంట తీసి నా చేతిలో పెట్టింది. "అయితే నాకు గీసియ్యమను. గోడకు అంటిచ్చుకుంటా. సోమారం తేవాల. మడత పెట్టొద్దు, తడపొద్దు, ఎవ్వరికీ ఇయ్యొద్దు, మీ తాతకు తప్ప" అంది. ఆ శనివారం బస్సులో నేను కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేదు, గాలికి ఎగిరిపోతుందని.

తాతకు అన్నీ చెప్పాను. మడత పెట్టకూడదు, తడపకూడదు. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆదివారం పొద్దున రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కార్డును అంచులతో పట్టుకుని చాప మీద పెట్టుకున్నాడు. అంత మర్యాద చూసి నేను నిశ్చింతగా బొరుగుల ఉగ్గాని తినడానికి పోయాను. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. తిని వచ్చేసరికి నీలిమంట మీద ఇనుపస్కేలు పెట్టి గీతలు గీస్తున్నాడు. అడ్డగీతలు అయిపోయాయి. నిలువుగీతలు సగం దాకా వచ్చాయి.

నేను పెట్టిన కేకకు జేజి పొయ్యి దగ్గరి నుంచి పరిగెత్తుకొచ్చింది. తాత తల ఎత్తి నన్ను చూశాడు. ఏం తప్పు జరిగిందో ఆయనకు నిజంగా తెలియదు. "గీత లేకుండా బొమ్మ గళ్ళలోకి ఎట్ల ఎక్కుతాది అమ్మీ? ఏ గడి యాడుందో తెలియొద్దా?" అన్నాడు. ఆయన జీవితంలో బొమ్మ అంటే గీతలు కొట్టుకోవడానికి ఉండేది. ఎంత మంచి బొమ్మ అయితే అంత సన్నని గీతలు. నీలిమంటకు ఆయన తన దగ్గరున్న అన్నిటికన్నా సన్నని పెన్ను వాడాడు. అది దానికి ఇచ్చిన గౌరవం. గీతలు గీయొద్దని నేను చెప్పలేదు, చెప్పాలని ఎవరికి తోస్తుంది? ఇప్పటికీ ఈ ఒక్క విషయం తలుచుకుంటే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. తిట్టడానికి మనిషి దొరకని తప్పు అది. మా అమ్మ వచ్చి చూసి, "కాగితం ముక్కకు ఇంత ఏడుపా" అంది. నాయన నవ్వాడు. తాత మాత్రం నవ్వలేదు. మిగిలిన సగం గీతలు కూడా గీసి, పని పూర్తి చేశాడు.

అది నూరీ కార్డని, ఆమెకు తిరిగివ్వాలని ఆ ఇంట్లో ఒక్కరికీ పట్టలేదు. నేను రబ్బరుతో తుడిచాను. ఉమ్మితో తుడిచాను. చివరికి గుడ్డపేలికకు కిరోసిన్ అద్ది తుడిచాను. గీత పోలేదు, పక్షి కన్ను పోయింది. ఆ తెల్లమచ్చ తాత చేసింది కాదు, నేను చేసింది.

సోమవారం నూరీ బడి గేటు దగ్గరే నిలబడి ఉంది. "తెచ్చినావా?" అంది. బస్సులో పడిపోయిందని చెప్పాను. కార్డు అప్పుడు నా సంచిలోనే ఉంది. ఆమె ఏడుస్తుందని, తిడుతుందని, నాతో మాట్లాడదని అనుకున్నాను, వాటికి సిద్ధపడే వచ్చాను. ఆమె అలాంటిదేమీ చేయలేదు. "పరేషాన్ గావాకు. సాయంత్రం బస్టాండుకు పోదాం. ఎవురో ఒగరికి దొరికింటాది" అంది.

వారం రోజులు పోయాం. బడి వదలగానే ఇద్దరం ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు నుంచి వచ్చే ప్రతి బస్సూ ఎక్కేవాళ్ళం. నూరీ మోకాళ్ళ మీద వంగి సీట్ల కింద చెయ్యి పెట్టి తడిమేది. చెనిక్కాయ పొట్టు, ఉమ్ములు, పత్తి పింజలు, ఆమె గౌను ముందరంతా మాసిపోయేది. నేను పక్క సీటు కింద వెతుకుతున్నట్టు వంగేదాన్ని. కండక్టర్లను ఆమే అడిగేది. "అన్నా, నీలం పక్షి ఉండే కార్డు ఏమైనా కనపడ్డాదా?" ఒకాయన కసిరాడు, ఒకాయన తన సంచి కూడా తెరిచి చూపించాడు. శుక్రవారం నాడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే పద్దూ, నువ్వేం కావాలని పారేసుకుంటివా" అంది. నా పేరు పద్మ. ఆ పేరు అంత ప్రేమగా పిలిచినవాళ్ళు అప్పటికి ఇంకెవరూ లేరు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది, వారం రోజుల దుమ్ము ఆమె గౌను మీద చూశాక లోపలికి పోయింది. మొదటి రోజైతే ఒక అబద్ధమే. శుక్రవారానికి అది ఎన్ని బస్సులో లెక్క లేదు.

తాత ఆ బొమ్మను వదల్లేదు. గళ్ళ కాగితంలోకి ఎక్కించి, దాని నుంచి అట్టలు కొట్టుకుని, దుప్పటి అంచుకు దించాడు. కొమ్ములు తీసేయమని ఎవరో అంటే ఒప్పుకోలేదు. చేనేత సంఘం వాళ్ళకు ఆ అంచు నచ్చింది, ఇంకా నేయమన్నారు. ఆ చలికాలమంతా మా మగ్గం మీద నీలిమంటలే. అట్టల పని అయ్యాక గళ్ళ కాగితాన్ని శుభ్రంగా కత్తిరించి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "నూర్జహాను పాపకు" అని రాసి నాకిచ్చాడు. దాన్నెలా ఇవ్వను? కార్డు బస్సులో పోయిందని చెప్పాక ఈ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందంటాను? కాగితాన్ని, కార్డును కలిపి ఆయన ఇక తెరవని పాత పుస్తకంలో దోపి రేకుపెట్టె అడుగున పెట్టాను. పై శనివారం తాత పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు, "బొమ్మ ఇచ్చినావా? ఏమనింది?" నచ్చిందని అందని చెప్పాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు అడిగాడు, కొత్తగా ఏమైనా చెబుతానేమోనని.

ఎండాకాలం ముందు ఒక రోజు నూరీ లేచి పోయి వెనక బెంచీలో కూర్చుంది. ఎందుకని అడిగితే ఏమీ లేదంది. నాకు ఒళ్ళు మండింది. అన్నాళ్ళు ఏమీ అనకుండా ఇప్పుడు కార్డు గుర్తొచ్చిందా అనుకున్నాను. నేనూ బింకానికి పోయి పలకరించలేదు. ఏడో తరగతికి అత్తకు ఒంట్లో బాగాలేక నన్ను ఎమ్మిగనూరు పంపేశారు. మిగిలిందంతా మామూలే, చదువు, ఉద్యోగం, పెళ్ళి. నూరీ ఆదోనిలోనే అంగన్‌వాడీ టీచరుగా పని చేస్తోందని తెలుసు. ఎన్నిసార్లు ఆదోని మీదుగా పోయానో, దిగలేదు.

కార్డు దొరికిన మర్నాడు దిగాను. కొడుకును అమ్మ దగ్గర వదిలి, పొద్దున తొమ్మిదికల్లా వాళ్ళ వీధిలో ఉన్నాను. పరుపుల అంగడి అలాగే ఉంది, కాకపోతే బయట నురుగు పరుపులు ప్లాస్టిక్ చుట్టి నిలబెట్టి ఉన్నాయి. నూరీ వెనక ఇంట్లో ఉంది, ఆదివారం గనుక తీరికగా బియ్యం ఏరుతోంది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. "రా పద్దూ, కూసో" అంది, నిన్న విడిపోయినట్టు. నేను కూర్చోకముందే కార్డు తీసి చాట పక్కన పెట్టాను. బస్సులో పోలేదని, తాత గీతలు గీశాడని, కన్ను నేనే చెరిపానని గబగబా చెప్పేశాను. ఇన్నేళ్ళూ మోసింది దించేశాను గదా, ఇక ఆమె ఏమన్నా పడదామనుకున్నాను.

ఆమె కార్డును చూసింది, ముట్టుకోలేదు. "నాకు తెలుసు" అంది. "మా నాయన మీ ఊర్నుంచి దుప్పట్ల మూట తెచ్చినాడు. విప్పితే అంచుకంతా నా నీలిమంటే. కొమ్ములతో సహా. ఒగటి నేనే తీసుకుంటి. పెండ్లయ్యేదాకా అదే కప్పుకోని పండుకుంటి."

"మరి నన్ను అడగలేదేం?" అన్నాను. అడిగాక ఆ ప్రశ్న ఎంత సిగ్గులేనిదో నాకే తెలిసింది.

"నేనెందుకు అడగాల? నువ్వు సెప్తావని సూస్తి. కార్డు పోయినందుకు కాదు పద్దూ. వారం దినాలు నన్ను బస్సుల్లో ఎతికిపిచ్చినావు. సీటు కింద నువ్వు కూడా ఎతుకుతాంటివి సూడు, అది." ఆమె గొంతు లేవలేదు. బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. లేస్తే బాగుండేది. నాకు తిట్లు కావాలి, అవి దొరికితే వాటిని తీసుకుని ఇంటికి పోవచ్చు.

మళ్ళీ ఆమే అడిగింది. "మీ తాత నాకని గీసింది ఉండాల గదా? అది తేలేదా?"

"నీకని గీశాడని నీకెట్లా తెలుసు?"

"మా నాయనతో ఆ పెద్దాయనే సెప్పినాడంట. దుప్పట్లు తెచ్చేకి పోయినప్పుడు. మా పాప పేరు నూర్జహాన్ అంటే, అయితే మీ పాపకే గదప్పా పేరు రాసి గీసిచ్చింది, గోడకు అంటిచ్చిందా అని అడిగినాడంట. మా నాయన ఏం తెలీకుండా ఊ అని వచ్చినాడు. ఆ పొద్దే నేను ఎనక బెంచీకి పోయింది." చాట పక్కకు పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూసింది. "కార్డు నాకెందుకు ఇప్పుడు? నా పేరు రాసినాడంట గదా. అది సూడాలని ఉండె."

నేను బయటికి వచ్చి అంగడి అరుగు మీద నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. కుప్పలో వేసిన పాత పుస్తకం గురించి అడిగాను. "నువ్వే గదమ్మీ పారేసేదాంట్లో ఏసింది. పొద్దున నీళ్ళ కాగు కింద పెట్టినా. నీ కొడుకు దాంతోనే స్నానం సేసినాడు" అంది అమ్మ. ఇంకేమైనా కావాలా అని కూడా అడిగింది. నేను ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్ళూ ఆ పెట్టె అడుగున ఒక కాగితం, ఒక కార్డు ఉంటే, చెడిపోయినదాన్ని దులిపి జేబులో వేసుకుని, బాగున్నదాన్ని పొయ్యికి ఇచ్చింది నేను. ఈసారి తాత లేడు, అమ్మది తప్పు కాదు.

లోపల నూరీ తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంది. ఇంట్లో వెతుకుతున్నారు, దొరకగానే పంపిస్తాను అనే మాట నా నాలుక మీదికి వచ్చేసింది. ఎంత సులువుగా వచ్చిందో చెబితే నమ్మరు. ఈ వయసులో, పిల్లలకు రోజూ నీతులు చెప్పే నోటికి.

"లేదు నూరీ" అన్నాను. "నిన్న నా చేతిలోనే ఉంది ఆ పుస్తకం. కార్డు మాత్రం తీసుకుని పారేసినాను. పొద్దున కాల్చేసినారు."

ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"అక్షరాలు ఎట్లుండె?" అంది. "అదన్నా సెప్పు."